అరిహంత్ ఎందుకు?

యానాం అగ్రహారంలో అరుగు మీద కూర్చుని అణ్వాయుధాల మాటెత్తితే, "మనకెందుకండీ ఆ గొడవ?" అంటారు. గొడవ మరీ అంత దూరంలో లేదు. ఇదే తీరాన, ఎగువన విశాఖపట్నంలో అరిహంత్ అణు జలాంతర్గామిని 2009లో నీళ్లలోకి దించారు. రెండోది అరిఘాత్, 2024 ఆగస్టులో నౌకాదళంలో చేరింది.

నేల మీద ఉన్న క్షిపణులు చాలవా? అణుదాడికి ముందుగా దిగబోమని మన దేశం 2003 నాటి విధానంలో చెప్పింది. అలా మాటిచ్చినవాడు మొదటి దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగలగాలి. నేల మీది క్షిపణి స్థావరాన్ని ఉపగ్రహం పసిగడుతుంది. క్షిపణులతో నీటి అడుగున తిరిగే జలాంతర్గామిని పట్టుకోవడం మహా కష్టం.

చైనా లెక్కా ఇలాంటిదే. తన కొద్దిపాటి క్షిపణులను అమెరికా రక్షణ కవచం ఆపేస్తుందేమోనని దాని భయం. 2020లో 200 పైచిలుకున్న చైనా వార్‌హెడ్లు 2024కల్లా 600 దాటాయని అమెరికా రక్షణశాఖ అంచనా. చైనాను చూసి మనం, మనల్ని చూసి పాకిస్తాన్. అందరూ ఆత్మరక్షణే అంటారు, పూర్తిగా అబద్ధమనీ అనలేం.