గ్రిడ్డు క్షేమము – గ్రామము బాధ్యత
(పంచాయతి సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



మన పొలము గట్టుననున్న ట్రాన్స్‌ఫార్మరు దేశమంతటి విద్యుత్ గ్రిడ్డునకు ఒక కొస. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణ గ్రిడ్డు తక్కిన దేశపు గ్రిడ్డుతో ఏకమైనది. నాటినుండి అంతటను విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల లయతో నడుచుచున్నది. దీనినే ఫ్రీక్వెన్సీ యందురు. వాడకము ఉత్పత్తిని మించినచో ఈ లయ తగ్గును. ఉత్పత్తి మించినచో హెచ్చును.

ఇంతటి వ్యవస్థను ఒక్కచోట కూర్చుండి నడపుట సాధ్యమా? రాష్ట్ర, ప్రాంతీయ, జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రములు ముందుగా లెక్కలు వేసి ఉత్తరువులిచ్చును. కాని ఆపద క్షణములలో వచ్చును. టెలిఫోను అందుకొనులోపల అంతయు ముగియును. అందుచేత విద్యుత్కేంద్రములలో గవర్నరు అను సాధనముండును. వేగము తగ్గగనే అది ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక టర్బైనుకు ఆవిరినో నీటినో అధికముగా వదలును. లయ ఇంకను పడిపోయినచో రిలేలు కొన్ని లైనులను తమంత తామే తెంచి తక్కినవానిని కాపాడును.

ఈ కావలివాండ్రు విధి తప్పినచో ఏమగును? 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్డు కూలినది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు మూడును కూలినవి. సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతమునకు కరెంటు పోయినది. రిలేలు ఆశించినంతగా పనిచేయలేదని విచారణ సంఘము తేల్చినది.

మన ఆటోమేటిక్ స్టార్టరు కూడ తనంత తానే నిర్ణయించు సాధనమే. కాని గవర్నరు కొరతను తీర్చును. స్టార్టరు కొరతను పెంచును. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒక్కసారిగా కదలును. కదలునప్పుడు మోటారు తన మామూలు కరెంటునకు అనేక రెట్లు లాగును. వోల్టేజి పడిపోవును, ఫ్యూజులు పోవును, ట్రాన్స్‌ఫార్మరు కాలును. ఇందు ఏ ఒక్క రైతును దోషి కాడు. అందరును ఒకే క్షణమున కదలుటయే దోషము. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనప్పుడు ఈ స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది.

కావున ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులను సమావేశపరచి, ఎవరి మోటారు ముందు, ఎవరిది పిదప అను వరుస నిర్ణయింపుడు. స్టార్టర్లను తీయించి, కెపాసిటర్లను అమర్పింపుడు. ట్రాన్స్‌ఫార్మరు కాలినచో ఎండునది మన మడియే. పైనుండి ఉత్తరువు వచ్చువరకు ఆగనక్కరలేదు. ఈ వరుస మన చేతిలోనిదే.