నెగడు పక్కన నిద్రపోయినవాళ్లు

పశువైద్య పట్టా అందుకుంటున్న పిల్లలారా, నేను మనుషుల డాక్టర్ని, మూర్ఛరోగుల డాక్టర్ని. మీతో నాకు పని ఉంది కనుకే ఈ పిలుపు రాగానే ఒప్పుకున్నాను.

1970ల్లో ఇండోనేషియా పాపువా కొండల్లో, పనియాయ్ సరస్సుల దగ్గర ఎనరొటాలి ఆసుపత్రికి ఒళ్లు కాలినవాళ్లు వరసగా రాసాగారు. అక్కడ రాత్రిళ్లు చలి. గుడిసె మధ్యలో నెగడు వేసుకుని దాని చుట్టూ పడుకుంటారు. నిద్రలో ఫిట్స్ వచ్చి నిప్పుల్లో పడ్డారు వాళ్లు. ఆ ఫిట్స్‌కు కారణం మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లల తిత్తులు. బాలి నుంచి తెచ్చిన పందులతో ఆ పురుగు అక్కడికి చేరిందని పరిశోధకులు భావించారు.

పంది మాంసం తింటే మెదడులోకి పురుగు పోతుందని మన ఊళ్లలోనూ అంటారు. అది నిజం కాదు. సగ్గుబియ్యం గింజల్లాంటి తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే పురుగు పేగులో పెరుగుతుంది, మీటర్ల పొడవున. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఆ మనిషి మలంతో గుడ్లు బయటికొస్తాయి. కడగని చేతులతో, నీళ్లతో, పచ్చి కూరగాయలతో ఆ గుడ్లు ఎవరి నోట్లో పడితే వాళ్ల మెదడుకు ముప్పు. పంది మాంసం ముట్టని న్యూయార్క్ యూదు కుటుంబాల్లో ఈ జబ్బు కనిపించినట్టు 1992లో నివేదిక వచ్చింది. వాటిలో ఒక ఇంట్లో పనిచేసే వ్యక్తి కడుపులో బద్దెపురుగు బయటపడింది. నేను కూడా కొత్తలో రోగిని మొదట అడిగింది "పంది మాంసం తింటావా?" అనే. తిననన్న తల్లి ముఖంలో కనిపించిన అవమానం ఇప్పటికీ గుర్తుంది.

గుడ్లున్న ఆ మలం తిని తిత్తులు తెచ్చుకోకుండా పందిని కట్టేయమని చెప్పడం తేలికే. కట్టేస్తే తవుడు ఎవరు కొనిపెడతారు? మరుగుదొడ్డి లేని ఊళ్లో పంది బయటే తిరిగి దొరికింది తింటుంది. పేద ఇంటికి అది బ్యాంకు ఖాతా, పెళ్లి ఖర్చు, ఆసుపత్రి ఖర్చు. నాలుక కింద తిత్తులు చేతికి తగిలితే దాన్ని పూడ్చిపెట్టే స్తోమత యజమానికి ఉండదు. అధికారి కంటపడకుండా చవగ్గా అమ్మేస్తాడు. నష్టపరిహారం ఇవ్వకుండా అతన్ని దోషి అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈ జబ్బును పూర్తిగా తుడిచిపెట్టవచ్చని అంతర్జాతీయ నిపుణుల బృందం 1993లోనే చెప్పింది. పెరూలోని టుంబెస్‌లో మనుషులకూ పందులకూ కలిపి మందులిచ్చి, పందులకు టీకా వేసి, చాలా ఊళ్లలో దాని వ్యాప్తిని ఆపగలిగారు. ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకున్న అలాంటి పందుల టీకా ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. టీకాతోపాటు ఆక్స్‌ఫెండజోల్ ఇస్తే పందిలో అప్పటికే ఉన్న తిత్తులూ చస్తాయి.

రేపు ఏదో సంతలో పంది నాలుక కింద మీ వేలికి గింజలు తగులుతాయి. ఆ యజమానిని కసురుకోకండి. పక్కన కూర్చుని, మీ ఇంట్లో, మీ వాడలో ఎవరికైనా ఫిట్స్ వస్తున్నాయా అన్నా, అని అడగండి. వస్తున్నాయంటే ఆ సాయంత్రమే అక్కడి పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేయండి.