రోడ్డు పడింది, బిల్లు ఎవరికి?

(పట్టణ శివారు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్లు మున్సిపాలిటీల్లో కలుస్తున్నాయి. రోడ్లు వెడల్పు అవుతున్నాయి, మురుగు కాల్వలు, వీధి దీపాలు వస్తున్నాయి. వీటిని మనం వద్దనడం లేదు. కూరగాయల బండి బురదలో దిగబడితే ఆ బాధేమిటో మనకే తెలుసు. అయితే, రోడ్డు వల్ల మీ భూమి విలువ పెరిగింది, ఖర్చులో వాటా కట్టండి అంటే ఆ వాటా ఎవరు కట్టాలి? ఎప్పుడు కట్టాలి?

ఈ బెటర్‌మెంట్ ఛార్జీ కొత్త మాట కాదు. భాక్రా కాల్వలతో భూముల విలువ పెరిగిందంటూ పంజాబ్ ప్రభుత్వం ఇలాంటి పన్నే వేసింది. 1959లో కిసాన్ సభ నాయకత్వాన వేలాది రైతులు జైళ్లకు వెళ్లారు. కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి.

పెరిగిన విలువ అమ్మేవాడి చేతికి డబ్బుగా వస్తుంది. దున్నుకునేవాడికి అది కాగితం మీది అంకె. రోడ్డు పక్క ఎకరంలో పండినా, లోపలి ఎకరంలో పండినా మార్కెట్లో టమాటా ధర ఒక్కటే.

కొలతలోనూ అన్యాయం జరగవచ్చు. ఒక రైతు చేను రోడ్డు వెంట 200 అడుగులు ఉందనుకోండి. ఎదురుగా దుకాణాల భవనం ముఖం 40 అడుగులే. అడుగుకు ఇంత అని వేస్తే రైతు అయిదు రెట్లు కట్టాలి. అద్దెలు పెరిగేది మాత్రం భవనం యజమానికి. చేను కౌలుకిచ్చి ఉంటే ఆ భారం చివరికి కౌలు మీదే పడుతుంది.

చట్టాల్లో మనకు ఆధారం ఉంది. ఉమ్మడి రాష్ట్రం 2006లో తెచ్చిన నాలా చట్టం, భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చినప్పుడే రుసుము అడిగింది. సాగులో ఉన్నంతకాలం అడగలేదు. రోడ్డు ఖర్చుకూ అదే న్యాయం వర్తించాలి.

అందుకే మన డిమాండ్లు మూడు. సాగులో ఉన్న భూమిపై ఛార్జీ వేయరాదు. ప్లాట్లుగా మార్చినప్పుడో, కట్టడానికి అనుమతి కోరినప్పుడో వసూలు చేయాలి. అంచనా వ్యయాన్ని, ఎవరి వాటా ఎంతన్నదీ ముందుగానే వార్డులో ప్రకటించాలి. వసూలైన సొమ్మును వేరే ఖాతాలో ఉంచి ఆ రోడ్డుకే ఖర్చు పెట్టాలి.

నోటీసు వస్తే భయపడి కట్టేయకండి, పక్కన పడేయకండి. గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక నకలు సంఘానికి పంపండి. ఒక్కొక్కరుగా వెళితే అది విజ్ఞప్తి. ఊరంతా కలిసి వెళితే జవాబు చెప్పక తప్పదు.