కుర్చీ వదిలిన ఇరవై నిమిషాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక ఎన్నికల నిర్వహణ నిష్పక్షపాతంగా జరగాలంటే ఉద్యోగి ఏం చేయాలో చెప్పమన్నారు. ముందుగా నేను చేయకూడనిది చేసిన సంగతి మనవి చేస్తాను. మూడున్నర దశాబ్దాలుగా మనసులో ఉన్న మాట.

1988 పంచాయతీ ఎన్నికల్లో నేను ఒక గ్రామంలో నామినేషన్లు తీసుకునే పనిలో ఉన్నాను. ఆఖరి రోజు, గడువు ఇంకా ఇరవై నిమిషాలుంది. నా పై అధికారి వచ్చి, "రావయ్యా, టీ తాగొద్దాం" అన్నారు. అప్పుడే ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వార్డు సభ్యత్వానికి నామినేషన్. నేను చూశాను. చూసి కూడా లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వేళ మించిపోయింది. ఆ వార్డు ఏకగ్రీవమైంది. ఆ పెద్దాయన గొడవపడలేదు. "పోనీలెండి బాబూ, మళ్ళీ ఎన్నికలప్పుడు వేస్తాను" అన్నాడు.

మళ్ళీ ఎన్నికలు 1995లో గాని రాలేదు. ఆ మండలానికే డ్యూటీ పడి వాకబు చేస్తే, ఆయన కాలం చేశాడని చెప్పారు. ఆ రోజు గడువు ముగిసేదాకా నేను మంచినీళ్ళకు కూడా కుర్చీలోంచి లేవలేదు. దానివల్ల పోయినాయన తిరిగి రాడు కదా!

మిత్రులారా, ఆ రోజుల్లో స్థానిక ఎన్నికలు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు వాయిదా వేయాలో ప్రభుత్వం చేతిలో ఉండేది. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఆ పరిస్థితిని మార్చాయి. 243-కె అధికరణం ఓటర్ల జాబితా తయారీని, ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు అప్పగించింది. కమిషనర్‌ను తొలగించాలంటే హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలోనే తొలగించాలి. గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలని 243-ఇ చెబుతోంది. తన పరిధిలో రాష్ట్ర కమిషన్‌కు కేంద్ర ఎన్నికల సంఘంతో సమానమైన అధికారాలున్నాయని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా ఆచరణలో ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో సర్పంచుల గడువు ముగిస్తే, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ముగిస్తే 2025 డిసెంబరులో జరిగాయి. రెండుచోట్లా అంతకాలం గ్రామాలను ప్రత్యేకాధికారులు, అంటే మనవంటి ఉద్యోగులే నడిపారు. 2020 మార్చిలో కరోనా కారణంగా కమిషనర్ ఎన్నికలు వాయిదా వేస్తే, ఏప్రిల్‌లో ఆయన పదవీకాలాన్ని తగ్గిస్తూ ఆర్డినెన్సు వచ్చింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. గోవాలో న్యాయశాఖ కార్యదర్శికే కమిషనర్ బాధ్యత అదనంగా అప్పగిస్తే, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి ఆ పదవి ఇవ్వరాదని 2021 మార్చి 12న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఇందులో ఏ పార్టీది తప్పు అనే చర్చలోకి నేను పోను. అధికారంలో ఎవరున్నా ఈ కోరిక పుడుతుంది. నేను చెప్పదలచినది ఒక్కటే. కమిషనర్‌కు రాజ్యాంగం రక్షణ ఇచ్చింది గాని, ఆయనకు సొంత సిబ్బంది ఎక్కడున్నారు? అడిగినప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగులే ఆయన చేతులూ కాళ్ళూ. ఎన్నికలైన మర్నాడు ఆ ఉద్యోగి మళ్ళీ పాత అధికారి దగ్గరికే వెళ్ళాలి. బదిలీ, ఇంక్రిమెంటు, మెమో అన్నీ అక్కడే. ఆ భయమే ఆనాడు నన్ను టీ కొట్టుకు నడిపించింది.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అందుచేత పార్టీల ఒత్తిడి ఉండదనుకుంటే పొరపాటు. అది గుర్తుల మీద కనిపించదు గాని జాబితాలో, నామినేషన్ బల్ల దగ్గర, లెక్కింపులో దూరుతుంది. ఒక వీధిని ఒక వార్డులోంచి ఇంకో వార్డులో కలిపితే చాలు, ఫలితం తారుమారు కావచ్చు. వందలోపు ఓట్లున్న వార్డులో నాలుగు ఓట్లు తక్కువేమీ కాదు.

ఇక మనం చేయగలిగింది మూడు పనులు. మొదటిది, వార్డులవారీ ముసాయిదా జాబితా అతికించిన రోజే వెళ్ళి చదవాలి. తప్పుంటే గడువులోగా అభ్యంతరం రాసివ్వాలి. మనకు తీరిక ఉంది, నిబంధనలు తెలుసు. రెండవది, డ్యూటీ పడిన కుర్రవాళ్ళకు ధైర్యం చెప్పాలి. నోటిమాటగా వచ్చే ఆదేశాన్ని కాగితం మీద ఇమ్మని వినయంగా అడగమని నేర్పాలి. చాలాసార్లు ఆ ఒక్క మాటతో ఒత్తిడి ఆగిపోతుంది. మూడవది, నిజాయితీగా పనిచేసినందుకు ఎవరికైనా బదిలీ వస్తే సంఘాలు ఆ ఉద్యోగి పక్కన నిలబడాలి. డి.ఎ. బకాయిల కోసం ఎంత పట్టుగా నిలబడతామో అంత పట్టుగా నిలబడాలి.

నా పెన్షన్ పత్రాల్లో ఎక్కడా ఎర్ర సిరా లేదు. సర్వీసు రిజిస్టరు శుభ్రంగా ఉంది. ఆ ఇరవై నిమిషాల సంగతి అందులో ఎవరూ రాయలేదు. అందుకే ఈ రోజు మీ ముందు నేనే చెప్పుకున్నాను.