లా చదువుకు ఎన్నేళ్లు? ఎవరి ఏళ్లు?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



లా చదువును త్వరగా ముగించి, పని నేర్పుతూ పట్టా ఇచ్చే పద్ధతి మనకూ రావాలా అని మీలో చాలామంది అడుగుతున్నారు. బాధిత స్త్రీల వెంట పోలీస్‌స్టేషన్‌కీ కోర్టుకీ ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు మీరు. కాగితాలు సిద్ధం చేసేది మనం, మాట్లాడేది నల్లకోటు అన్న మీ కోపం న్యాయమైనదే. అయితే "త్వరగా" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం.

అమెరికాలో లా డిగ్రీ మామూలుగా మూడేళ్లు. లాస్ ఏంజెలెస్‌లోని సౌత్‌వెస్టర్న్ లా స్కూలు 1974లోనే రెండేళ్ల కోర్సు పెట్టింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2009లో అలాంటిదే మొదలుపెట్టి, 2015లో విరమిస్తున్నట్టు ప్రకటించింది. ఈ కోర్సుల్లో తగ్గింది చదువు కాదు, సెలవులు. అక్కడి బార్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం ఎవరైనా కనీసం 83 క్రెడిట్లు పూర్తి చేయాల్సిందే, 24 నెలల లోపు ముగించడానికి వీల్లేదు. ఏడాది ముందే సంపాదనలో పడొచ్చు, నిజమే. కానీ పసిబిడ్డ తల్లి, సెలవుల్లో పనిచేసి ఫీజు కట్టుకునే అమ్మాయి ఆ పరుగు ఎలా అందుకుంటారు? సమయం అందరికీ సమానంగా పంచిన ఆస్తి కాదు. ఇంటి చాకిరీ ఎవరి నెత్తిన ఉందో వారి దగ్గర అది ఎప్పుడూ తక్కువే.

అక్కడినుంచి మనం నేర్చుకోదగింది వేగం కాదు, పనిని చదువుగా గుర్తించడం. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ లా స్కూలులో కొంతకాలం తరగతి, కొంతకాలం లాయర్ల దగ్గరా న్యాయసేవా సంస్థల్లోనూ పూర్తికాలపు పని. చాలా రాష్ట్రాల్లో క్లినిక్ విద్యార్థులు పర్యవేక్షణలో కోర్టులో వాదించవచ్చు కూడా.

మరి మన దగ్గర? బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం డిగ్రీ తర్వాత మూడేళ్లు, ఇంటర్ తర్వాత అయిదేళ్లు. హాజరు 70 శాతం. తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే, అంటే పొట్టకూటి కోసం పనిచేసే సమయంలోనే. ప్రాక్టికల్ పేపర్లు నాలుగున్నాయి. వాటిలో మూట్ కోర్టు పేపరు కింద విద్యార్థి లాయరు ఆఫీసులోనో న్యాయసహాయ కేంద్రంలోనో కక్షిదారుతో జరిగే సంభాషణలు రెండు చూసి డైరీ రాయాలి. రెండే రెండు! మీలో ఒక్కొక్కరు అలాంటివి ఎన్ని వందలు విని ఉంటారు?

ఇంకో సంగతి. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అది చేయదగిన చోట్ల జాబితాలో స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. మన ఆఫీసులో నాలుగు వారాలు కూర్చున్న విద్యార్థినికి అది చదువు. అదే ఆఫీసులో పదిహేనేళ్లు పనిచేసిన మీకు అది ఏ లెక్కలోకీ రాదు. 2005 గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద నమోదైన సంస్థ, బాధితురాలు కోరితే, జరిగిన హింసను నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపవచ్చు. చట్టం నమ్మిన ఆ రాతను లా కాలేజీ నమ్మదు.

ఒక ప్రమాదం కూడా ఉంది. 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం వచ్చింది. అది మనలో చాలామందికి ఉపయోగపడింది. కానీ కొద్దిరోజుల శిక్షణతో వచ్చేది గుర్తింపు కార్డు, వాదించే హక్కు కాదు. పల్లెటూరి దళిత స్త్రీకి పొట్టి చదువు, పట్నపు పెద్దింటి బిడ్డకు పొడుగు చదువు అన్న వరస స్థిరపడితే, న్యాయవ్యవస్థలోనూ మనం ఆయాలమే అవుతాం. అందుకే తక్కువరకం పట్టా మనకు వద్దు. పూర్తి పట్టాయే కావాలి, అందులో మన పనికి విలువ కట్టాలి.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. దీర్ఘకాలం క్షేత్రంలో పనిచేసిన స్త్రీలకు ప్రాక్టికల్ పేపర్లలోనూ ఇంటర్న్‌షిప్‌లోనూ, పరీక్షించే, ఆ అనుభవానికి క్రెడిట్ ఇవ్వాలి. ఉద్యోగినులకూ తల్లులకూ కుదిరే వేళల్లో తరగతులు, కాలేజీలో బిడ్డల్ని చూసే ఏర్పాటు ఉండాలి. తెలుగులో బోధన, తెలుగులో దరఖాస్తులూ పిటిషన్లూ రాయడం నేర్పాలి. మొదటిదానికి విశ్వవిద్యాలయం ఒక్కటే చాలదు, బార్ కౌన్సిల్ నిబంధన మారాలి.

మనం చేయవలసిందీ ఉంది. మన దగ్గరికి వచ్చే లా విద్యార్థినిని ఫైళ్లు సర్దడానికి, జిరాక్సులు తీయడానికి వాడుకోవద్దు. ఒక కేసును ఫిర్యాదు దగ్గర్నుంచి తోడుండి చూడనిద్దాం. అయితే బాధితురాలి అనుమతి లేకుండా ఆమె కష్టాన్ని ఎవరి పాఠంగానూ మార్చకూడదు. ఆమె పేరూ ఊరూ ఆ డైరీలోకి ఎక్కకూడదు. ఎవరి చదువైనా ఆమె గౌరవం కంటే ఎక్కువ కాదు.

అనుభవానికి ఏ పత్రాలు, ఏ పరీక్ష రుజువుగా నిలవాలో బార్ కౌన్సిల్‌కు ముందుగా చెప్పవలసింది మనమే. ఆ ముసాయిదా ఇవాళ మధ్యాహ్నపు చర్చలో మీ చేతుల మీదుగా మొదలవ్వాలని కోరుతున్నాను.