సంగీత పత్రిక పేజీని కొలవడం, చదవడం

డిజైన్ చదివేవారికి, జర్నలిజం చదివేవారికి తరచుగా ఇచ్చే ప్రాజెక్టు ఒకటుంది. ఏదైనా ఒక సంగీత పత్రికను తీసుకుని అందులోని పేజీల అమరికను, ఇంటర్వ్యూలను విశ్లేషించాలి. ఆ తర్వాత సొంతంగా నాలుగు పేజీలు తయారుచేయాలి. ఆ విశ్లేషణ ఎలా చేయాలన్నదే ఈనాటి మన అంశం. సైన్సు చెప్పే మనిషికి ఇందులో ఏం పని అని మీకు అనిపించవచ్చు. చాలా నివేదికల్లో "లేఅవుట్ ఆకర్షణీయంగా ఉంది, రంగులు బాగున్నాయి" అని రాసి ఊరుకుంటారు. అది అభిప్రాయమే తప్ప పరిశీలన కాదు. మీ మిత్రుడు అదే పేజీని తీసుకుని మళ్లీ చేసినా అదే ఫలితం వస్తేనే దాన్ని పరిశీలన అంటాం.

కనుక ముందు ఒక స్కేలు, ట్రేసింగ్ పేపరు, గ్రాఫ్ కాగితం దగ్గర పెట్టుకోండి. పేజీ మీద ట్రేసింగ్ పేపరు పరిచి ఫోటో, శీర్షిక, కాలమ్‌లు, ఖాళీ స్థలం హద్దులు గీయండి. దాన్ని గ్రాఫ్ కాగితం మీద ఉంచి గళ్లు లెక్కపెట్టండి. హైస్కూల్లో ఆకు వైశాల్యం కనుక్కున్నారు కదా, ఇదీ అంతే. ఎ4 పేజీ వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. అందులో ఫోటో 14 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు ఉందనుకోండి. అంటే 280 చదరపు సెంటీమీటర్లు, పేజీలో దాదాపు 45 శాతం. ఇప్పుడు "ఫోటో పెద్దది" అనే మాటకు ఒక విలువ వచ్చింది. వరుసల మధ్య దూరాన్ని కూడా కొలవాలి. ఒక్క వరుసను కొలిస్తే పొరపాటు ఎక్కువ వస్తుంది. లోలకం 20 డోలనాలకు పట్టిన కాలాన్ని 20తో భాగించినట్లే, పది వరుసల దూరాన్ని కొలిచి పదితో భాగించండి. పది వరుసలకు 42 మిల్లీమీటర్లు వస్తే ఒక్కొక్కటి 4.2 మిల్లీమీటర్లు, ముద్రణ కొలతల్లో సుమారు 12 పాయింట్లు. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు.

ఒక్క సంచికను చూసి తీర్పు చెప్పకండి. అదే పత్రిక మూడు సంచికలు తీసుకుని, మూడింటిలోనూ ఇంటర్వ్యూ పేజీలనే పోల్చండి. మారనివి పత్రిక స్వభావాన్ని చెబుతాయి. మారినవి ఆ సంచికలో డిజైనర్ తీసుకున్న నిర్ణయాలు.

కొలతలు అయ్యాక అసలు ప్రశ్న వస్తుంది. ఈ అమరిక మాట్లాడిన మనిషి మాటను మనకు ఎలా చేరవేస్తోంది? దీనికి ఒక విపరీతమైన ఉదాహరణ చెబుతాను. అమెరికాలో 1992లో మొదలైన రే గన్ అనే సంగీత పత్రికకు డేవిడ్ కార్సన్ తొలి ఆర్ట్ డైరెక్టర్. 1994లో గాయకుడు బ్రయాన్ ఫెర్రీతో చేసిన ఇంటర్వ్యూ ఆయనకు చప్పగా అనిపించింది. దాంతో మొత్తం వ్యాసాన్ని జాప్ఫ్ డింగ్‌బ్యాట్స్ అనే ఫాంటులో వేశాడు. అందులో అక్షరాలు ఉండవు. నక్షత్రాలు, బాణాలు, కత్తెరల వంటి గుర్తులే ఉంటాయి. చదవడానికి వీలైన పాఠాన్ని అదే సంచికలో చివరన ఇచ్చారు. డిజైన్ తరగతుల్లో దీన్ని గొప్ప సాహసంగా చెబుతుంటారు. నాకు మాత్రం సమయమిచ్చి కూర్చుని మాట్లాడిన మనిషికి జరిగిన అన్యాయంగానే తోస్తుంది. అయితే ఒక సంగతిని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు. పేజీని అమర్చే వ్యక్తి తలచుకుంటే ఇంటర్వ్యూ నోరు మూయించగలడు.

ఇంత బాహాటంగా కాకుండా, చప్పుడు లేకుండా జరిగేదాన్ని పట్టుకోవడమే కష్టం. ఇంటర్వ్యూ మధ్యలో పెద్ద అక్షరాలతో విడిగా వేసే వాక్యాన్ని పుల్ కోట్ అంటారు. పేజీ తిప్పినవారి కన్ను వ్యాసం కంటే ముందు దాని మీదనే పడుతుంది. ఒక గాయని ఇలా చెప్పిందనుకుందాం. "మైకు వచ్చాక సన్నని గమకాలు కూడా చివరి వరుసకు వినిపిస్తున్నాయి, అది మేలే. కాకపోతే గొంతు సాధన కొంచెం తగ్గింది." పేజీలో పెద్దగా వేసింది "మైకు వచ్చాక గొంతు సాధన తగ్గింది" అని. ప్రతి పదమూ ఆమెదే, కానీ ఆ అభిప్రాయం ఆమెది కాదు. కనుక ప్రతి పుల్ కోట్‌నూ వ్యాసంలోని అసలు వాక్యంతో పదం పదం సరిచూసి, ఏం వదిలేశారో పక్కన రాయండి.

ప్రశ్నల పదాలు ఎన్నో, జవాబుల పదాలు ఎన్నో కూడా లెక్కించండి. ప్రశ్నలు తీసేసి కథనంగా రాసిన ఇంటర్వ్యూలో, ఏ మాట అడిగితే వచ్చిందో, ఏది తనంతట తాను చెప్పిందో తెలియదు. రోలింగ్ స్టోన్ పత్రిక జాన్ లెనన్‌తో 1970 డిసెంబరులో జరిపిన సుదీర్ఘ ఇంటర్వ్యూను 1971 ఆరంభంలో రెండు సంచికల్లో ప్రశ్న, జవాబు రూపంలోనే ప్రచురించింది. తర్వాత అదే సంభాషణ లెనన్‌కు ఇష్టం లేకుండానే పుస్తకంగా వచ్చింది. ఆయన అంగీకరించింది పత్రికకు మాత్రమే.

ఇక మీ సొంత పేజీలు. మీ ఊరి నాదస్వర విద్వాంసుడినో, పాఠశాల సంగీతం మాస్టారినో ఇంటర్వ్యూ చేస్తున్నారనుకోండి. రికార్డు చేసిన మాటల్లో "అంటే", "అదే మరి" వంటి ఊతపదాలు తీసేయవచ్చు. వేర్వేరు ప్రశ్నలకు చెప్పిన రెండు జవాబులను కలిపి ఒక్కటి చేయకూడదు. వారికి రాతప్రతి చూపి ఊరుకోకండి. ఫోటో, శీర్షిక, పుల్ కోట్ అన్నీ పెట్టిన పేజీనే చూపండి, ఎందుకంటే అర్థం మారేది అక్కడే.

తెలుగులో పేజీ చేసేవారికి ఇంకొక చిక్కుంది. ఇంగ్లీషు పత్రికలో కొలిచిన 12 పాయింట్ల దూరాన్ని అలాగే తెచ్చి పెడితే కుదరదు. మన లిపిలో గుడులు, ఏత్వాలు పైకి, వత్తులు కిందికి వెళతాయి. పైగా సంగీతం గురించి రాసేటప్పుడు "శాస్త్రీయ", "స్వరస్థానం", "మూర్ఛన" వంటి మాటలు అడుగడుగునా వస్తాయి. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగిలిందంటే చదివేవారి కన్ను అక్కడ ఆగిపోతుంది. ఒకే పేరాను 14, 16, 18 పాయింట్ల దూరంతో మూడుసార్లు అసలు సైజులోనే ప్రింటు తీయండి. కంప్యూటర్ తెర మీద చూసి నిర్ణయించకండి, అక్కడ పేజీని ఎంతకైనా పెంచుకోవచ్చు. ఆ మూడు కాగితాలనూ ఇంట్లో పెద్దవారి చేతికిచ్చి చదవమనండి. ఎక్కడ తడబడ్డారో పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ కాగితాలను కూడా నివేదికకు జతచేయండి.