పేరుచీటీ ఎవరు రాయాలె?



అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందుగాల ఒక్క ప్రశ్న. మీలో ఎంతమంది మ్యూజియం లోపలికి పోయిండ్రు? కొమురం భీం వర్ధంతికి జోడేఘాట్ పోయినోళ్లు అక్కడి మ్యూజియం చూసే ఉంటరు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న గిరిజన మ్యూజియం చూసినోళ్లు తక్కువ. లండన్ మ్యూజియాల సంగతి అడగనే అడగను. కానీ ఫోన్ మాత్రం మీ అందరి జేబుల్లో ఉన్నది. ఇయ్యాల మ్యూజియం ఆ ఫోన్లోకే వస్తున్నది. అది మన దగ్గరికి ఎట్ల వస్తున్నది, వచ్చినప్పుడు మనం ఏం చెయ్యాలె అన్నదే నా మాట.

పోయినేడు ఒక హాస్టల్ బడిలో పిల్లలతో కలిసి కూర్చున్న. గోడ మీద తెర, అవతల వైపు మ్యూజియం నుంచి ఒక మేడమ్. ఒక్కో వస్తువు చూపిస్తూ పాఠం చెప్తున్నది. మంచిగనే చెప్తున్నది. మూడు తీగల వాయిద్యం ఒకటి తెర మీదికి వచ్చింది. కింద చీటీ మీద రెండే మాటలు: "తంత్రీ వాయిద్యం, గిరిజనులు". వెనక వరుసలో ఒక ప్రధాన్ పిల్లగాడు లేచి, "అది కిక్రి. మా తాత వాయిస్తడు" అన్నడు. అవతల మేడమ్‌కు వినబడలేదో, టైం లేదో, "ఇప్పుడు తర్వాతి వస్తువు చూద్దాం" అన్నది. పిల్లగాడు కూసున్నడు.

ఆ ఒక్క క్షణం నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ గదిలో ఆ వస్తువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినోడు వాడే. కిక్రి ఉత్త వాయిద్యం కాదు. గోండుల పెన్‌ల కథలు, గోత్రాల పుట్టుక కథలు ప్రధాన్‌లు తరతరాలుగా దాని మీదనే పాడి నిలబెట్టిండ్రు. కాగితం లేని కాలంలో మన చరిత్ర పుస్తకం అదే. ఆ పుస్తకానికి చీటీ మీద పేరు కూడా లేకపాయె.

అట్లని తెర మీది మ్యూజియం మనకొద్దు అంటున్ననా? లేదు. మనకు చాలా కావాలె. ఎందుకో రెండు సంగతులు చెప్తా.

మొదటిది బొక్కల సంగతి. ప్రాణహిత, గోదావరి లోయల రాళ్లలో జురాసిక్ కాలం నాటి జంతువుల శిలాజాలు ఉన్నయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్లు తవ్వి ఒక పెద్ద డైనోసార్ బొక్కలు బయటికి తీసిండ్రు. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరు, యామన్‌పల్లి పేరు, రెండూ అందులో ఉన్నయి. ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నది. అవతలి ఒడ్డున సిరోంచ వైపు దొరికిన ఇంకో డైనోసార్ బారాపాసారస్ అయితే కోల్‌కతాలో ఉన్నది. మన కాళ్ల కింది నేలలో దొరికిన దాన్ని చూడాలంటే మన పిల్లలు వందల కిలోమీటర్లు పోవాలె. చానామంది పోలేరు. తెర మీదనైనా చూస్తే, మా ఊరి రాయిలో ఇంత చరిత్ర ఉన్నదా అని పిల్లలకు తెలుస్తది. భూగర్భ శాస్త్రం పుస్తకంలోంచి లేచి వాగు ఒడ్డుకు వస్తది.

రెండోది ఫొటోల సంగతి. 1940లో భీం అమరుడైనంక, ఆదివాసులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పని చేసిండ్రు. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయానికి చేరినయి. అట్లాంటి ఫొటోల్లో నిలబడ్డది ఎవరు? మన తాతలు, అమ్మమ్మలు. విమానం ఎక్కకుండా వాళ్ల ముఖాలు చూడగలిగితే అది చిన్న సంగతి కాదు.

కానీ పాత ఫొటోల కింద మామూలుగా ఏం రాసి ఉంటది? "గోండు స్త్రీ". "గ్రామ పెద్ద". తీసినాయన పేరు ఉంటది, నిలబడ్డామె పేరు ఉండదు. ఆ పేరు ఇంకా ఎక్కడన్న ఉన్నదంటే ఊర్లో ముసలోళ్ల నోట్లోనే. వాళ్లు పోతే అదీ పోతది. లండన్ దాకా పోయి ఎంత వెతికినా దొరకదు. అందుకే అంటున్న, తెర మీద బొమ్మ రావడంతోనే మన పని అయిపోలేదు, అక్కడే మొదలైంది. బొమ్మ వాళ్లు పంపుతరు, పేరు మనం చెప్పాలె.

ఇంకో సంగతి. మన వస్తువు మ్యూజియంలోకి పోతే దాన్ని "హస్తకళ" అరలో పెడతరు. సైన్స్ అరలో ఎందుకు పెట్టరు? ఉషేగాం, కేస్లాగూడ దిక్కు ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మనే చూడుండ్రి. ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తరు. దాని మీద తేనెమైనం దారాలు చుట్టి నగిషీ దిద్దుతరు. పైన మళ్లీ మట్టి పూసి, సన్నని దారి వదులుతరు. కాలిస్తే మైనం కరిగి పోతది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తరు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గరనే కరుగుతది, ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలె. థర్మామీటర్ లేకుండా మంట రంగు చూసి ఆ వేడిని పట్టుకున్నరు మనోళ్లు. బొమ్మ బయటికి తియ్యాలంటే మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఏ రెండు బొమ్మలూ ఒక్కతీరు ఉండవు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ పదో తరగతి పిల్లకు ద్రవీభవన స్థానం పాఠం చెప్పేటప్పుడు ఈ కొలిమి చూపించే రోజు రావాలె. మంచి వర్చువల్ మ్యూజియం ఆ పని చెయ్యగలదు. అద్దాల పెట్టెలో బొమ్మ ఒక్కటే కనబడుతది, వీడియోలో అది పుట్టిన తీరంతా కనబడుతది.

ఇప్పుడు జాగ్రత్త మాట. అన్నీ చూపించేవి కావు. మన పెన్‌లు ఉన్నయి, బయటోళ్లు చూడగూడని పూజలు ఉన్నయి. ఒక్కసారి నెట్‌లోకి పోయినంక వెనక్కి తేలేం. ఆస్ట్రేలియాలో వరుముంగు అనే ఆదివాసులు ఈ చిక్కునే ఎదుర్కొని, పరిశోధకులతో కలిసి ముకుర్తు అనే ఆన్‌లైన్ భాండాగారం కట్టుకున్నరు. ఏది అందరూ చూడొచ్చు, ఏది ఆడోళ్లే చూడాలె, ఏది కులం లోపలే ఉండాలె అన్నది అందులో సమాజమే తేలుస్తది. మనకూ ఆ హక్కు ఉన్నది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కును గుర్తించింది. ఈ రెండు సెక్షన్లు భూమి కోసమే కాదు, కెమెరా ముందు కూడా గుర్తుపెట్టుకోండి. ఎవరన్న వచ్చి షూటింగ్ అంటే, ముందు గ్రామసభ తీర్మానం అడగండి.

మరి మనం చెయ్యాల్సిందేంది? ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క వస్తువు తీసుకోండి. తీగల వాయిద్యమో, విత్తనాల బుట్టో, చేపల మావో, ఏదైనా సరే. ఇంటి పెద్దల అనుమతి తీసుకోండి. దాన్ని కదిలించకుండా చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కొంత భాగం తర్వాతి దాంట్లోనూ పడేటట్టు పదులకొద్ది ఫొటోలు తియ్యండి. ఒకే చుక్క ఏ ఫొటోలో ఎక్కడ పడిందో లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ దాని మొత్తం రూపం కడుతది. మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టేది కూడా ఇట్లనే.

తర్వాత చీటీ రాయండి. దీన్ని మన భాషలో ఏమంటరు? ఎవరు చేసిండ్రు? దేనితో చేసిండ్రు? ఎప్పుడు వాడుతరు? దీన్ని ఎవరికి చూపొచ్చు, ఎవరికి చూపొద్దు? ఐదే ప్రశ్నలు. జవాబులు తెలుగులో రాయండి, గోండీలోనో కోయలోనో కొలామీలోనో కూడా రాయండి. 2006లో గుంజాల ఊరి రాతప్రతులతో వెలుగులోకి వచ్చిన మన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఇయ్యాల ఆ అక్షరాలు కంప్యూటర్‌లో టైపు చెయ్యొచ్చు, వెతకొచ్చు. పెద్దోళ్లు చెప్పేది వాళ్ల గొంతులోనే రికార్డు చెయ్యండి. ఒక కాపీ ఊర్లో ఉండాలె.

ఇక అడగాల్సినోళ్లను కూడా అడుగుదాం. వర్చువల్ మ్యూజియం పాఠం పెట్టే ప్రతి బడిలో, ఐటీడీఏలో మనం పెట్టే డిమాండ్లు మూడు. సిగ్నల్ లేని ఊర్ల కోసం ఆ పాఠాలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలె. తెర అవతల చెప్పేటాయన పక్కన మన పెద్ద ఒకరు కూసోవాలె, ఆ పెద్దకు గౌరవ వేతనం ఇవ్వాలె. పిల్లలు తప్పు చూపిస్తే చీటీ మార్చాలె.

ఆ ప్రధాన్ పిల్లగాడు ఆ రోజు కూసున్నడు. మళ్లీ వాడు లేచి నిలబడ్డ రోజున, తెర అవతలోళ్లు ఆగి, "చెప్పు బాబూ, రాసుకుంటం" అనాలె. వాళ్లతో ఆ మాట అనిపించే బాధ్యత మనది.

జై ఆదివాసీ. జోహార్ కొమురం భీం.